బావమరిదితో వాదించడం ఎలా

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది చదివాక కూడా మీరు ఎవరినీ ఒప్పించలేరు. నేను పాతికేళ్లుగా విజయనగరంలో గంటస్తంభం దగ్గర టీ కొట్లో, పెళ్లి భోజనాల్లో, ఇంట్లో, ఒకసారి ఆసుపత్రి వరండాలో కూడా వాదించాను. ఇన్నేళ్లలో "నువ్వు చెప్పిందే కరెక్టు, తప్పు నాదే" అని నా మొహం మీద అన్నవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకడు అప్పు అడగడానికి వచ్చాడు, రెండోవాడికి బస్సు టైమైపోతోంది. అయినా నేను మానలేదు, మీరూ మానరని నాకు తెలుసు, అందుకని ఒళ్లు కాస్త తక్కువ హూనమయ్యేలా వాదించడం ఎలాగో, నేను దెబ్బలు తిని నేర్చుకున్న వరసలోనే రాస్తున్నాను.

మొదటి పని. నోరు తెరిచే ముందు, ఇది చూస్తే తేలిపోయే విషయమా అని ఆలోచించండి. మా టీ కొట్లో ఒకరోజు శ్రీకాకుళం రైల్వే స్టేషన్ శ్రీకాకుళం ఊళ్లో ఉందా లేదా అని ఇరవై నిమిషాలు అరుచుకున్నాం. స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, బోర్డు మీద పేరు శ్రీకాకుళం రోడ్. ఆరుగురి జేబుల్లో ఆరు ఫోన్లున్నాయి, ఒక్కడూ బయటికి తియ్యలేదు, ఎందుకంటే తీస్తే సరదా అయిపోతుంది. సరదా కోసమే అయితే కానివ్వండి, టీ ఖర్చే కదా. కోపం వచ్చేదాకా వెళ్తోందనుకుంటే మాత్రం చూసెయ్యండి. చూశాక ఆ ఫోన్ ఎదుటివాడి ముక్కు ముందు ఆడించకండి. నేను ఆడించాను. వాడు పది రోజులు టీకి రాలేదు, ఆ పది రోజులూ నా టీ డబ్బులు నేనే ఇచ్చుకున్నాను.

రెండోది, ఇది ఏ రకం వాదనో పోల్చుకోండి. "వితండవాదం చెయ్యకు" అని రోజుకు నాలుగుసార్లు అంటాం గానీ ఆ మాట ఎక్కడిదో పట్టించుకోం. గౌతమ మహర్షి పేరు మీదున్న పాత తర్కశాస్త్రం, న్యాయ సూత్రాల్లో దీన్ని మూడు ముక్కలు చేసి పెట్టారు. నిజం తేల్చుకుందామని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే అది వాదం. నిజం సంగతి తర్వాత, ముందు నేను గెలవాలి అనుకుంటే జల్పం. తనదంటూ ఒక మాట నిలబెట్టకుండా, అవతలివాడు ఏదంటే దాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. వేల ఏళ్ల నాటి లెక్క ఇది, మా టీ కొట్టుకి ఇవాళ్టికీ సరిపోతుంది. వితండ అవునో కాదో తెలుసుకోవడానికి చిన్న చిట్కా: "సరే, నాది తప్పే అనుకో, మరి నువ్వేమంటావ్?" అని అడగండి. ఏదో ఒకటి చెప్పాడంటే కూర్చోండి. "నేనేం అన్నా, నువ్వన్నదే తప్పంటన్నాను" అన్నాడా, డబ్బులిచ్చేసి లేచిపోండి.

అదే పుస్తకంలో ఛలం అని ఇంకోటుంది. అంటే మాటల గారడీ. దానికి పాత ఉదాహరణ ఒకటి చెబుతారు. ఒకడు "ఇతను నవకంబళుడు", అంటే కొత్త కంబళి ఉన్నవాడు, అంటాడు. ఎదుటివాడు వెంటనే, "ఏవీ తొమ్మిది కంబళ్లు? ఒకటే కనిపిస్తోందే!" అంటాడు. నవ అంటే కొత్త అనీ వస్తుంది, తొమ్మిది అనీ వస్తుంది కదా, మొదటివాడు ఏ అర్థంలో అన్నాడో తెలిసీ రెండోది పట్టుకుంటాడు. మా వీధిలో ఒకాయన ఉన్నాడు, "రెండు రోజుల్లో ఇస్తానన్నావు కదా" అంటే "రోజులన్నాను గానీ ఏ నెలలోవో అన్నానేటి?" అంటాడు. ఇలాంటివాళ్లతో గెలవడానికి న్యాయ సూత్రాలు సరిపోవు, ప్రామిసరీ నోటు కావాలి.

మూడోది కాస్త పెద్దది, ఎందుకంటే ఇక్కడే నేను బాగా తిన్నాను. వాదన మొదలవగానే ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నారో లేదో చూసుకోండి. తొంభై శాతం తగువులు అక్కడే అని రాయబోయాను గానీ లెక్కేసినవాణ్ని కాదు, నావి మాత్రం చాలావరకు అక్కడే.

మా అత్తవారిది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు, తోటల సీమ ఉద్దానం. మా మేనకోడలి పెళ్లిలో నేనూ మా బావమరిదీ పక్కపక్కన భోజనానికి కూర్చున్నాం. అరిటాకులో పనసపొట్టు కూర పడింది, ఎక్కడినుంచో తుపాన్ల మాట వచ్చింది. హుద్‌హుద్ పెద్దదా, తిత్లీ పెద్దదా? నాకు ఇందులో అనుమానమే లేదు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటింది, ఆ గాలి నేను విజయనగరంలో స్వయంగా విన్నాను, మా డాబా మీద నీళ్ల ట్యాంకు వీధి చివర తేలింది, విశాఖ విమానాశ్రయం పైకప్పే ఎగిరిపోయింది, గాలి వేగం లెక్కల్లో కూడా హుద్‌హుద్‌దే పైచెయ్యి. ఇవన్నీ వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పుకుపోతున్నాను. సాంబారు వచ్చింది, వెళ్లింది. పక్కన ఇద్దరు ముసలాయనలు నావైపు తలూపుతున్నారు, దాంతో ఇంకాస్త ఊపొచ్చింది. "మీ తిత్లీ దీని ముందు ఎంత?" అనేశాను.

మా బావమరిది కూర కలుపుతున్నవాడు చెయ్యి ఆపాడు.

"మీకు కరెంటు పోయింది బావా. వారమో పది రోజులో. మాకు తోట పోయింది. మా నాన్న పాతిన సెట్లు. మర్నాడు ఎల్లి సూస్తే అన్నీ ఒక్కపక్కకే తల పెట్టి పడుకున్నాయి, సాపలు పరిసినట్టు."

తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమట్టమయ్యాయి. నాటు కొబ్బరి మొక్క పాతితే కాపు చూడ్డానికే ఆరేడేళ్లు పడుతుంది, అది నిండుగా కాయాలంటే ఇంకా ఆగాలి. ఇవేవీ నాకు తెలియనివి కావు. ఆ పెళ్లికి ముందు రెండుసార్లు వెళ్లి ఆ తోట ఉన్న చోటు చూశాను కూడా. నేనేమో ఏ గాలి గట్టిదని మాట్లాడుతున్నాను, తనేమో ఎవరికి ఎంత పోయిందని మాట్లాడుతున్నాడు. రెండింటికీ రెండు జవాబులు, రెండూ నిజమే, కానీ అరగంటసేపు నేను నా జవాబుతో అతని ప్రశ్నని కొడుతూ కూర్చున్నాను. ఆ రోజు అతను పెరుగు వేసుకోకుండానే లేచిపోయాడు. పెరుగు లేకుండా లేచే మనిషి కాదు.

కాబట్టి, "ఏ లెక్కన పెద్దదంటున్నావ్?" అని ముందే అడగండి. ఒక్క ముక్క. అది అడిగితే సగం వాదనలు అక్కడికక్కడే ఆవిరైపోతాయి, మిగతా సగంలో అసలు వాదన ఏమిటో బయటపడుతుంది. చాలాసార్లు అది వాదన కూడా కాదు, అతనికి చెప్పుకోవాల్సిన బాధ ఏదో ఉంటుంది. తోట పోయిన మనిషికి గాలి వేగం చెప్పడం నాలాంటి తెలివైనవాళ్లకే సాధ్యం.

నాలుగోది. ఎదుటివాడి మాటను అతనికంటే బాగా మీరు చెప్పండి. పాతకాలం శాస్త్రాల్లో దీన్ని పూర్వపక్షం అంటారు, ముందు అవతలివారి వాదన పూర్తిగా పెట్టి, ఆ తర్వాతే సిద్ధాంతం. మనం చేసేది దీనికి తలకిందులు, అవతలివాడి మాటల్లోంచి అన్నిటికంటే బలహీనమైనది ఏరుకుని దాన్ని చితక్కొట్టి జబ్బలు చరుచుకుంటాం.

ఇందులో మా వైపు ఒక పెద్దాయన ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు, ఆ తారీఖునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పుస్తకాల్లో కూడా నలుగురూ మాట్లాడే తెలుగే రాయాలని ఆయన వాదన, కుదరదు గ్రాంథికమే ఉండాలని జయంతి రామయ్య పంతులు గారి వంటి పండితుల వాదన. ఆయన "అబ్బా, గ్రాంథికం కష్టం" అని మొత్తుకుని ఊరుకుని ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. పాత కావ్యాలూ వ్యాకరణాలూ శాసనాలూ పండితులకు దీటుగా తిరగేసి, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టేవాళ్ల సొంత రాతల్లోంచే గ్రాంథికం తప్పులు ఏరి చూపించారు. మీరు చెప్పేది మీకే రావడం లేదు కదండీ, అని. దీనికి చాలా చదవాలి. మనలో చాలామందిమి అంత చదివే ఓపిక లేకే అరుస్తాం.

ఇంకో సంగతి. సవర భాష నేర్చుకోవాలని ఆయన కొండల్లో తిరిగారు, మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. అంటే మా ప్రాంతంలో అంత గొప్ప వాదం చేసిన మనిషికి ఎదుటివాళ్ల కేకలు సరిగ్గా వినపడేవి కావు. అది ఆయనకు కలిసొచ్చిందేమో అని నాకో అనుమానం, పాపపు ఆలోచనే అనుకోండి. 1940లో ఆయన పోయారు. ఆ తర్వాత కూడా ఆ తగువు చాలా ఏళ్లు నడిచింది. మీరిప్పుడు ఇది నిఘంటువు పక్కన పెట్టుకోకుండా చదువుతున్నారంటే ఎవరు గెలిచారో తెలుస్తూనే ఉంది, కానీ గెలుపు మొత్తం కళ్లారా చూడ్డానికి ఆయన లేరు.

ఐదోది చిన్నది. "ఎందుకు?" అని అడక్కండి, "ఎలా?" అని అడగండి. ఎందుకు అంటే కారణాలు ఊడిపడతాయి, ఒకదాని వెనక ఒకటి, ప్రతి కారణంతోనూ మనిషి ఇంకాస్త బిగుసుకుంటాడు. ఎలా అంటే ఆలోచించాలి. యేల్ విశ్వవిద్యాలయంలో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. జిప్పు ఎలా పనిచేస్తుందో, టాయిలెట్ ఫ్లష్ ఎలా పనిచేస్తుందో మీకు ఎంతవరకు తెలుసని జనాన్ని అడిగి మార్కులు వేసుకోమన్నారు. అందరూ ధారాళంగా వేసుకున్నారు. ఇప్పుడు మొదటినుంచి చివరిదాకా వివరంగా రాయండి అన్నారు. రాశాక మళ్లీ మార్కులు వేసుకోమంటే తగ్గించుకున్నారు. ఎవరూ వాళ్లని తప్పుపట్టలేదు, చెప్పబోయి ఎవరికి వాళ్లే తెలుసుకున్నారు.

మా కొట్లో ఒకాయన "వంశధార నీళ్లు నాగావళిలోకి తిప్పేస్తే అయిపోద్ది, అంతకంటే ఏటుంది?" అనేవాడు. ఒకరోజు కాగితం ఇచ్చి, గీసి చూపించు మాస్టారూ, నీళ్లు వాలుకి వస్తాయా, మోటార్లు పెట్టాలా, మధ్యలో ఎవరి పొలాలు పోతాయి అన్నాను. రెండు గీతలు గీసి ఆగాడు. ఆ కాగితం మీదే బజ్జీ పెట్టుకుని తిన్నాడు. తర్వాత నేను ఇంటికెళ్లి అదే బొమ్మ గీద్దామని కూర్చున్నాను, నాకూ రెండు గీతలే వచ్చాయి. అందుకే ఈ "ఎలా" అడిగేటప్పుడు ప్లీడరు గొంతుతో అడక్కండి. నిజంగా తెలుసుకుందామన్నట్టు అడగండి, వీలైతే నిజంగానే తెలుసుకుందామనుకోండి.

ఆరోది, జనం ముందు వద్దు. నలుగురూ చూస్తుండగా మనిషి తన మాటని కాదు, తన మొహాన్ని కాపాడుకుంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఎందుకంటాడు? నాలుగో కాలు కనపడక కాదు, చుట్టూ పదిమంది ఉన్నారు కనక. నా స్నేహితుడొకడు బీపీ మాత్రలు మొదలుపెట్టనని భీష్మించుకున్నాడు. కొట్లో ఐదుగురం కలిసి వాణ్ని వాయించేశాం, స్ట్రోకు అన్నాం, కిడ్నీలు అన్నాం, పక్క వీధిలో ఎవరో పోయారని కూడా చెప్పాం. వాడు ఇంకా గట్టిగా "ఒకసారి మొదలెడితే చచ్చేదాకా మింగాలి, నాకొద్దు" అన్నాడు. ఓ వారం పోయాక అయ్యకోనేరు గట్టు మీద ఇద్దరమే నడుస్తున్నాం, నేను ఆ మాటే ఎత్తలేదు, వాడే అన్నాడు, "మా నాన్నకి మాత్రలు మొదలెట్టిన వారానికే అలా అయింది." అంతే. ఆ వారం మాత్రల వల్ల కాదని, ఆయన అప్పటికే చాలా ఆలస్యంగా ఆసుపత్రికి వెళ్లారని నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను. రెండో చుట్టు తిరిగాక, "నీకిష్టమైన డాక్టరు దగ్గరికి వెళ్దాం, ఇదే మాట ఆయన్ని అడుగుదాం" అన్నాను. వెళ్లాం. ఇప్పుడు వేసుకుంటున్నాడో లేదో నేను అడగలేదు, అడిగితే మళ్లీ మొదలవుతుంది.

జనం ముందే వాదించాల్సి వస్తే, ఎదుటివాణ్ని ఒప్పించే ఆశ వదిలేసి, మాట్లాడకుండా టీ తాగుతున్న మూడోవాడి కోసం మాట్లాడండి. వాడికి పణంగా పెట్టిందేమీ లేదు, వాడొక్కడే వింటాడు.

కొన్ని వాదనల్లోకి అసలు దిగకండి. అమ్మతో ఉప్పు గురించి వద్దు. రాత్రి పదకొండు దాటాక ఎవరితోనూ, దేని గురించీ వద్దు. విజయనగరంలో పుట్టినవాళ్లు బొబ్బిలివాళ్లతో 1757 జనవరి 24 గురించి వద్దు. ఆ రోజు బొబ్బిలి కోట మీద విజయనగరం పూసపాటి విజయరామరాజు, ఫ్రెంచి బుస్సీతో కలిసి పడ్డాడు, కోట పోయింది, తర్వాత తాండ్ర పాపారాయుడు రాజుగారి డేరాలో దూరి పొడిచేశాడు. రెండున్నర శతాబ్దాలు దాటింది. పోయిన సంక్రాంతికి మా ఇంటికొచ్చిన బొబ్బిలి చుట్టం ఒకాయన "అసలు మీవాళ్లు ఫ్రెంచివాణ్ని పిలవకపోతే" అని మొదలెట్టాడు, నాకు చెవులు వేడెక్కాయి, నేను పూసపాటివారి తాలూకు కాదు సరే కదా మా తాత ముత్తాతలు ఆ రోజు ఏ కోట దరిదాపుల్లోనూ ఉన్నట్టు దాఖలా లేదు. అయినా గంటసేపు విజయనగరం తరఫున నిలబడ్డాను. రాసేవాడు ఇలా ఉంటాడు, చదివేవాళ్లు జాగ్రత్త పడండి.

ఇక చివరిది, ఎప్పుడు ఆపాలి. మీరు చెప్పిన మాటే మూడోసారి చెబుతున్నారని మీకే తెలిసినప్పుడు. గొంతు పెరిగి, విషయం వదిలేసి "నువ్వెప్పుడూ ఇంతే" అనే మాట వచ్చినప్పుడు. ఆపేటప్పుడు "సరే నీదే రైటు" అని వెటకారంగా అనకండి, అది ఆపడం కాదు, పొగ పెట్టి వెళ్లడం. "ఇంకోసారి మాట్లాడుకుందాం" అనండి చాలు. ఆ ఇంకోసారి వస్తుందో రాదో మీకనవసరం. కొన్నిసార్లు వస్తుంది, కానీ మీరు గుర్తుపట్టలేని వేషంలో.

గజపతినగరం దగ్గర మా ఊళ్లో మా నాన్న చేనుకీ చిన్నాన్న చేనుకీ మధ్య ఒక గట్టు ఉంది. చిన్నాన్న ఏటా దమ్ముల ముందు పారతో ఆ గట్టు చెక్కుతున్నాడని నాన్న ఫిర్యాదు. చివరికి సర్వేయరుని పిలిచారు. అరవై ఆరు అడుగుల గొలుసు, వంద లింకులు, హద్దు రాయి దగ్గర ఒక కుర్రాడు, అవతల గట్టు మీద నేను. కొలిస్తే నాన్న చేను లింకున్నర తక్కువొచ్చింది, అంటే సుమారు అడుగు. నాన్న చిన్నాన్న వైపు చూశాడు. చిన్నాన్న గొలుసు వైపు చూసి, "ఇది సాగిపోయిన గొలుసు" అన్నాడు. అందరూ నవ్వారు. నిజానికి నవ్వి తీసెయ్యాల్సిన మాట కాదు, వాడగా వాడగా గొలుసులు కాస్త సాగుతాయి, సాగిన గొలుసుతో కొలిస్తే చేను ఉన్నదానికంటే తక్కువే చూపిస్తుంది. ఇంకో గొలుసు తెప్పించి కొలిస్తే పోయేది. నాన్న అలా అనలేదు. "గొలుసు కాదురా, సాగింది నీ బుద్ధి" అన్నాడు, పాతికమంది ముందు.

మూడేళ్లు మాటల్లేవు. పండక్కి ఒకరింట్లో చేసిన అరిసెలు ఇంకొకరింటికి వెళ్లలేదు. మూడో ఏడు ఊడుపులకు ముందు నాన్న చేనుకెళ్లి చూస్తే గట్టు అడుగు అవతలికి జరిగి ఉంది. కొత్త మట్టి, నున్నగా మెత్తి, పైన వరసగా కంది గింజలు వేసి ఉన్నాయి. నాన్న ఎవరితోనూ ఏమీ అనలేదు, అమ్మతో మాత్రం అన్నాడు.

ఆ మాఘంలో మా చెల్లి పెళ్లి కుదిరింది, చిన్నాన్న వచ్చాడు. వంటింట్లో పీటలేసుకుని ఇద్దరూ తింటున్నారు, అమ్మ వడ్డిస్తోంది. సగం తిన్నాక చిన్నాన్న తలెత్తకుండానే అన్నాడు, "గట్టు అక్కడే ఉండాలని నాను ముందునుంచీ అంటన్నాను అన్నియ్యా, నువ్వే ఇన్లేదు."

అమ్మ గరిటె గాలిలో ఆగింది. నాన్న నోట్లో ముద్ద నమలడం ఆపి నావైపు చూశాడు, తర్వాత ఆకు వైపు చూశాడు, ముద్ద మింగాడు.

"అవున్రా," అన్నాడు, మంచినీళ్ల చెంబు చిన్నాన్న వైపు జరుపుతూ.